పిల్లిమొగ్గలో తల ఎక్కడుంది?

వెనక్కి పల్టీ నేర్పే జిమ్నాస్టిక్స్ కోచ్ నోట వందసార్లు వచ్చే మాట, "తల వెనక్కి విసరకు." తలకిందులైన కయాక్ పడవని తిప్పి లేవడం నేర్పేవాళ్లదీ ఇంచుమించు అదే గోల, "తల ఆఖర్న లేపు." ఈత కోచ్ అయితే పల్టీ కొట్టి వెనక్కి మళ్లడానికి గోడ దగ్గరికొస్తున్న పిల్లల్ని "తలెత్తి గోడ వంక చూడకు" అని కసురుతుంటాడు. తల తొందరపడితే పల్టీ చెడుతుందని ముగ్గురి బాధా. అయితే పల్టీలకు పేరుపడ్డ పిల్లి అన్నిటికంటే ముందు తిప్పేది తలనే. మన పిల్లిమొగ్గ అనే మాటలోకి పిల్లి ఎలా వచ్చి దూరిందో గానీ, అది గాల్లో చేసే పనికీ మనం నేల మీంచి ఎగిరి చేసే పనికీ పెద్దగా పోలిక లేదు.

తేడా అంతా తిరుగుడు ఎక్కణ్ణుంచి వస్తుందన్న దగ్గరే ఉంది. మనిషి పల్టీ కొట్టేటప్పుడు నేలను తన్ని తిరుగుడు తెచ్చుకుంటాడు. కాలు నేల వదిలే క్షణానికి ఒంట్లో ఎంత తిరుగుడు చేరిందో, మళ్లీ నేల తగిలేదాకా అంతే. కోణీయ ద్రవ్యవేగం అని పుస్తకాల్లో చదువుకున్నది దీన్నే. గాల్లో దాన్ని పెంచనూ లేం, తగ్గించనూ లేం. ముడుచుకుంటే గిర్రున తిరుగుతాం, చాపుకుంటే నెమ్మదిస్తాం. మోకాళ్లు గుండెకు చేర్చుకున్నవాడు, ఒళ్లు నిటారుగా ఉంచినవాడికంటే దాదాపు మూడు రెట్లు వేగంగా తిరుగుతాడు.

పిల్లికి ఆ పెట్టుబడి కూడా ఉండదు. వెల్లకిలా ఉన్న పిల్లి చేతుల్లోంచి జారిందంటే దాని దగ్గర తిరుగుడు సున్నా. కిందపడేదాకా మొత్తం లెక్క సున్నాగానే ఉండాలి. అయినా కాళ్ల మీదే దిగుతుంది. పట్టుకున్న చేతుల్ని తన్ని తిరుగుతుందేమోనని ఒకప్పుడు పెద్దపెద్ద శాస్త్రవేత్తలే అనుకున్నారు. 1894లో ఫ్రాన్స్‌లో ఎతియెన్ జూల్ మారే వరస ఫొటోలు తీసి చూపించాక ఆ వాదన వీగిపోయింది. జారిన మొదటి క్షణాల్లో పిల్లి అసలు తిరగడమే లేదు.

కిటుకు నడుములో ఉంది. ముందు తల నేలవైపు తిరుగుతుంది, ఎందుకంటే కింద ఏది పైన ఏది అని చెప్పే యంత్రం లోపలి చెవిలో ఉంది. వెంటనే నడుము దగ్గర ఒళ్లు మడతపడుతుంది. దాంతో ముందు సగం ఒక ఇరుసు మీద, వెనక సగం ఇంకో ఇరుసు మీద తిరగడానికి వీలవుతుంది. ముందుకాళ్లు ముడుచుకుని వెనకకాళ్లు చాపుతుంది. ముడుచుకున్న ముందు భాగం తేలిక కాబట్టి ఎక్కువ తిరుగుతుంది, చాపుకున్న వెనక భాగం ఎదురు దిశలో కొద్దిగానే తిరుగుతుంది. ఆ తర్వాత తారుమారు: ముందుకాళ్లు చాచి, వెనకకాళ్లు ముడిచి, వెనక సగాన్ని లాక్కొస్తుంది. రెండు సగాల తిరుగుళ్లూ కూడితే ఎప్పుడూ సున్నానే, కానీ పిల్లి మాత్రం బోర్లా వచ్చేసింది. 1969లో కేన్, షెర్ అనే ఇద్దరు పిల్లిని రెండు స్తూపాలుగా ఊహించి, మడత పెట్టి మెలితిప్పితే చాలు ఈ లెక్క సరిపోతుందని గణితంతో చూపించారు. వ్యోమనౌక బయట తేలుతున్న మనిషి దేన్నీ పట్టుకోకుండా ఎటు తిరగాలన్నా ఇదే దారి కాబట్టి అంతరిక్ష పరిశోధకులకీ పిల్లి మీద ఆసక్తి పుట్టింది.

పిల్లి వీపు వెన్నెముక బాగా మెలితిరుగుతుంది. దాని జత్రుక (మెడ కింది కాలర్ ఎముక) ఇతర ఎముకలకు గట్టిగా అతుక్కుని ఉండదు, అందుకే భుజాలు అంత సులువుగా ఆడతాయి. పుట్టగానే ఈ విద్య రాదు. మూడు నాలుగు వారాలకు మొదలై, ఆరేడు వారాలకు కుదురుతుంది. ఎత్తు కూడా కావాలి. 30 సెంటీమీటర్లు పడటానికి పట్టేది పావు సెకను, అంతకంటే తక్కువ ఎత్తులో పిల్లికైనా వ్యవధి చాలదు. "పిల్లి ఎంత ఎత్తునుంచి పడ్డా ఏం కాదు" అనే మాటకి ఆధారంగా 1987 నాటి న్యూయార్క్ అధ్యయనాన్ని చూపిస్తుంటారు. మేడల మీంచి పడిన 132 పిల్లుల్లో 90 శాతం బతికాయని అందులో ఉంది. అవి పశువైద్యశాలకు తెచ్చిన పిల్లులు. పడ్డచోటే చచ్చినవాటిని ఆసుపత్రికి ఎవరూ తీసుకెళ్లరు. బతికినవాటికి కూడా ఛాతీకి, దవడకి, కాళ్లకి దెబ్బలు మామూలే. కాబట్టి ఇంట్లో పిల్లితో పరీక్షలు వద్దు, కిటికీకి జాలీ పెట్టండి.

ఇక మనిషి పల్టీ. నిలబడ్డ చోటునుంచి వెనక్కి, మోకాళ్లు ముడిచి కొట్టే పల్టీ తీసుకుందాం. శరీరపు బరువు కేంద్రం 40 సెంటీమీటర్లు పైకి లేస్తే గాల్లో దొరికేది సుమారు 0.57 సెకను. ఈ కాస్త వ్యవధిలో మూడు పనులు కావాలి: లేవడం, తిరగడం, విప్పుకోవడం. చెడగొట్టేవాళ్లలో ఎక్కువమంది చెడగొట్టేది మొదటిదాన్నే.

పాదాలు తుంటి వెడల్పున పెట్టి, చేతులు చెవుల పక్కన పైకి చాచి నిలబడాలి. చేతులు కిందికి ఊపుతూ మోకాళ్లు కొద్దిగా వంచాలి. గుంజీలు తీసినంత వంగితే వేగం పోతుంది. చేతుల్ని మళ్లీ చెవులదాకా విసురుతూ నిట్టనిలువుగా ఎగరాలి. చూపు ఎదుటి గోడ మీదే. ఇక్కడ తల కదలకూడదు. కాలివేళ్లు నేల వదిలి, ఒళ్లు పూర్తిగా సాగాకే మోకాళ్లు పైకి రావాలి. మోకాళ్లే చేతుల దగ్గరికి రావాలి గానీ ఛాతీ కిందికి దిగి మోకాళ్లను వెతకకూడదు. తుంటి తల మీదుగా దాటేది ఈ లాగుడుతోనే. పిక్కల ముందుభాగాన్ని గానీ, తొడల వెనక గానీ పట్టుకుంటారు. ముప్పావు వంతు తిరిగేసరికి నేల కంటపడుతుంది. అప్పుడు విప్పుకుని, మోకాళ్లు కాస్త సడలించి, ఛాతీ ఎత్తి, చేతులు ముందుకు పెట్టి దిగాలి.

తల ముందే వెనక్కి విసిరితే ఏమవుతుంది? కాళ్లు ఇంకా నేలను తన్నుతుండగానే భుజాలు వెనక్కి వాలిపోతాయి. పైకి పోవాల్సిన బలం వెనక్కి పోతుంది. ఎత్తు తగ్గుతుంది, ఒళ్లు విల్లులా వంగుతుంది, వంగిన ఒళ్లు ముడుచుకోవడానికి ఆలస్యమవుతుంది. తొందరగా తిరగాలనుకున్నవాడు చివరికి సగమే తిరిగి చేతులు నేలకి ఆనిస్తాడు, లేదా మెడ మీద పడతాడు. చేతులు చెవులు దాటి వెనక్కి పోయినా ఇదే జరుగుతుంది. నేల ఎక్కడుందో చూద్దామని భుజం మీదుగా తొంగిచూసేవాడికి పల్టీ పక్కకి మెలితిరుగుతుంది. మోకాళ్లు రెండూ దగ్గరపెట్టి ముఖానికి ఎదురుగా లాగితే ముక్కు పగులుతుంది, అందుకే వాటిని రెండు భుజాలవైపు లాగమంటారు. తొందరగా విప్పితే చేతుల మీదో మోకాళ్ల మీదో, ఆలస్యంగా విప్పితే పిర్రల మీద పడతారు.

మెట్లు దాటకుండా నేర్చుకోవాలి: నేల మీద వెనక్కి దొర్లడం, ఎగిరి మోకాళ్లు గుండెకు చేర్చడం, ట్రాంపొలిన్ మీద వీపు మీద పడటం, తర్వాత గట్టి దిమ్మ మీంచి దళసరి మెత్తటి పరుపు మీదికి పల్టీ. పక్కన నిలబడే శిక్షకుడి ఒక చెయ్యి నడుము కింద, ఇంకోటి తొడ వెనక ఉండాలి. తొడ వెనక చెయ్యి తిప్పుతుంది, నడుము దగ్గర చెయ్యి మోస్తుంది. వీడియో చూసి గడ్డిలో ఒంటరిగా మొదలుపెట్టే పని మాత్రం కాదిది.

ముందుకి కొట్టే పల్టీ సులువనుకుంటారు, భయం తక్కువ కాబట్టి. దిగడం మాత్రం దానిదే కష్టం. వెనక పల్టీలో దిగేముందు నేల కనిపిస్తుంది, ముందు పల్టీలో దాదాపు గుడ్డిగా దిగాలి. మంచు మీద స్కేట్లు కట్టుకుని వెనక పల్టీ కొట్టడమైతే చాలాకాలం నిషేధం. 1976 ఒలింపిక్స్‌లో టెరీ కుబికా కొట్టాక దాన్ని ఆపేశారు. 1998లో నగానో ఒలింపిక్స్‌లో సూర్యా బొనాలీ నిషేధమని తెలిసే కొట్టింది, ఒంటికాలి మీద దిగింది. 2024లో ఆ నిషేధం ఎత్తేశారు.

తల ఊసే లేని పల్టీ ఒకటుంది, దాన్నీ చూడాలి. టేబుల్ టెన్నిస్ బ్యాట్ ఒకవైపు సుద్దతో గుర్తు పెట్టండి. గుర్తు పైకి ఉండేలా పిడి పట్టుకుని, పిడి ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ చేతికొచ్చేలా ఎగరేయండి. పట్టుకునేసరికి గుర్తు కిందికి పోయి ఉంటుంది. ప్రతి వస్తువుకీ తిరగడానికి మూడు ఇరుసులుంటాయి. తిప్పడానికి అన్నిటికంటే తేలికైనదీ, అన్నిటికంటే బరువైనదీ నిలకడగా ఉంటాయి. నడిమిది మాత్రం చిన్న వణుకును కూడా పెంచి వస్తువును తిరగేస్తుంది. 1985లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూత్-7లో జానిబెకొవ్ అనే వ్యోమగామి విప్పిన రెక్కల నట్టు గాల్లో తేలుతూ అదేపనిగా తలకిందులవుతుంటే ఆశ్చర్యపోయాడు, కారణం ఇదే. ఒళ్లు నిటారుగా ఉంచి కొట్టే పల్టీ సరిగ్గా ఈ నడిమి ఇరుసు మీదే జరుగుతుంది. అందుకే నిటారు పల్టీల్లో ఒళ్లు దానంతటదే మెలితిరగబోతుంది, ఆటగాళ్లు చేతుల్ని ఇసుమంత అటూ ఇటూ కదిపి ఆపుకుంటారు. కావాలని మెలిక వేయాలన్నా చేతులే దిక్కు. పల్టీ మధ్యలో ఒక చెయ్యి పైకి, ఇంకోటి కిందికి కొడితే ఒళ్లు పక్కకి ఒరుగుతుంది. ఒరిగిన ఒంటికి పల్టీ తిరుగుడులోంచే కాస్త మెలికగా దక్కుతుంది.

ఎత్తు దూకడంలో తలకి రెండు పనులున్నాయి, అదీ వ్యతిరేక పనులు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ వెల్లకిలా దూకి 2.24 మీటర్లతో స్వర్ణం గెలిచాక ప్రపంచమంతా ఆ దారే పట్టింది. బార్ దాటేటప్పుడు మొదట తల వెనక్కి వాలాలి, అప్పుడు వీపు విల్లవుతుంది, తుంటి పైకి లేస్తుంది. ఒళ్లు బార్ మీదుగా పోతున్నా బరువు కేంద్రం బార్ కిందనుంచే పోయే వీలుంది. తుంటి దాటిన క్షణంలో గడ్డం గుండెకు ఆనించాలి. తల అలా లేస్తే దానికి బదులుగా కాళ్లు లేచి మడమలు బార్‌ని తప్పించుకుంటాయి. గడ్డం ఆలస్యమైతే పిక్కలు బార్‌ని తోసేస్తాయి. ముందే ఆనిస్తే తుంటి కూర్చుండిపోయి పిర్రలు తగులుతాయి. భుజాల మీద పడే ఈ పద్ధతికి మెత్తటి నురగ పరుపులు ఉండాల్సిందే, ఇసుకలో అయితే మెడ విరిగేది.

నీళ్లలో పట్టు ఉంటుంది కాబట్టి లెక్క మారుతుంది, తల చేసే అల్లరి మాత్రం మారదు. ఈతగాడు గోడ దగ్గర పల్టీ కొట్టి వెనక్కి మళ్లడం చూద్దాం. కొలను అడుగున ఉన్న గీత గోడకు 2 మీటర్ల ముందు అడ్డగీతతో ఆగుతుంది. తలెత్తకుండా గోడ దూరం తెలియడానికే అది. ఆ గీత దాటాక ఆఖరి బార వేసి, చేతులు రెండూ తొడల పక్కకి చేర్చి, గడ్డం గుండెకు నొక్కి, రెండు కాళ్లూ కలిపి చిన్న డాల్ఫిన్ తన్ను తన్నితే తుంటి దానంతటదే తల మీదుగా వస్తుంది. పాదాలు గోడకి ఆనేసరికి వెల్లకిలా ఉండాలి. అలాగే తన్ని, జారుతూ బోర్లా తిరగాలి. బోర్లా తిరిగే పని గోడ దగ్గరే కానిచ్చేద్దామనుకుంటే వేగం సగం అక్కడే పోతుంది. మొదటినుంచీ ముక్కుతో గాలి వదులుతూనే ఉండాలి, లేకపోతే నీళ్లు నెత్తికెక్కుతాయి.

కయాక్ తలకిందులైతే పడవని లేపేది తెడ్డు కాదు, తుంటి. ముందుకి వంగి తెడ్డును పడవ పక్కన నీటిపైకి తేవాలి. ఒంటిని పక్కకి వంచి నీటి ఉపరితలానికి దగ్గర చేసి, తెడ్డును పడవకి అడ్డంగా వచ్చేదాకా తిప్పాలి. అప్పుడు మోకాలితో, తుంటితో పడవని ఒక్క కుదుపున కిందనుంచి తిప్పాలి. తల నీళ్లలోనే, భుజానికి ఆనుకుని ఉండాలి. మునిగినప్పుడు ఊపిరి కావాలని ప్రాణం కొట్టుకుంటుంది, తల ముందు లేస్తుంది. దాదాపు 5 కిలోల తలని నీళ్లు మోయడం మానేస్తాయి, ఆ బరువంతా తెడ్డు మీద పడి అది మునుగుతుంది. పైగా తల లేపడానికి బిగిసే కండరాలే పడవని మళ్లీ మన మీదికి లాక్కొస్తాయి. దీనికి మందు: చెవికీ భుజానికీ మధ్య స్పాంజి ముక్క పెట్టుకుని, అది జారకుండా లేవడం సాధన చేయాలి. లేచేటప్పుడు తెడ్డు ఆకునే చూస్తుంటే తల దానంతటదే కిందే ఉంటుంది.

వెల్లకిలా పడ్డ తాబేలుకి తలే తెడ్డు. చిప్ప చదునుగా ఉండే జాతులకి మెడ పొడవు. తలని నేలకి ఆనించి నొక్కి తిరగబడతాయి. నక్షత్ర తాబేలులా డిప్ప గుమ్మటంలా లేచి ఉన్నవాటికి ఆ తంటా లేదు, చిప్ప ఆకారమే దొర్లించేస్తుంది, కాళ్లు కాస్త ఆడిస్తే చాలు. ఎలా పెట్టినా ఒకే ఒక్క భంగిమలో వచ్చి నిలిచే గట్టి ఆకారం ఒకటి, లోపల బరువేమీ దాచకుండానే, సాధ్యమని హంగరీకి చెందిన దొమొకోష్, వార్కొన్యి 2006లో తయారుచేసి చూపించారు. దాని పేరు గోంబోట్స్. దాన్ని పోలిన చిప్పల కోసం వాళ్లు తాబేళ్లను కొలుస్తూ పోయారు. టిక్కుమని ఎగిరే పురుగుది ఇంకో తరహా: ఛాతీ కింద కొక్కెంలాంటి ముల్లు గాడిలో బిగించి ఒక్కసారి వదులుతుంది, కాళ్లతో పని లేకుండా ఎగురుతుంది. ఏ పక్క పడాలన్నది దాని చేతిలో లేదు, కాళ్ల మీద పడేదాకా ఎగురుతూనే ఉంటుంది.

పసిపిల్లలు బోర్లాపడేది నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. మొదట తల, తర్వాత భుజాలు, చివర తుంటి. పిల్లి వరసే ఇది, కాకపోతే నేల సాయంతో. తల ఒక పక్కకి తిప్పగానే ఆ పక్క చెయ్యి చాచుకుపోయే పుట్టుకనాటి ప్రతిచర్య ఒకటుంటుంది. చాచిన ఆ చెయ్యే దొర్లడానికి అడ్డు కాబట్టి, అది తగ్గాకే బోర్లాపడటం కుదురుతుంది. దొర్లే ప్రయత్నం కనిపించిన రోజునుంచే గుడ్డలో బిగించి చుట్టడం మానెయ్యాలి. పడుకోబెట్టడం మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. రెండు వైపులా దొర్లడం వచ్చిన బిడ్డ నిద్రలో బోర్లాపడితే లేచి తిప్పాల్సిన పని లేదు.

పెద్దవాళ్లకి మంచంలో పక్కకి దొర్లగానే గది గిర్రున తిరిగితే, చాలాసార్లు కారణం లోపలి చెవిలో చోటు తప్పిన కాల్షియం రేణువులు. అవి లోపలి చెవిలోని వంపు గొట్టాల్లో వెనకదైన వెనక అర్ధవర్తుల కుల్యలోకి జారితే, తలని వరసగా తిప్పి వాటిని మళ్లీ ఇంటికి చేర్చే పద్ధతిని జాన్ ఎప్లీ 1992లో ప్రచురించాడు. కుడిచెవికైతే: మంచం మీద కాళ్లు చాచి కూర్చుని తల 45 డిగ్రీలు కుడికి తిప్పాలి. భుజాల కింద దిండు వచ్చేలా, తల కాస్త వెనక్కి వేలాడేలా చప్పున వెల్లకిలా పడుకోవాలి. తిరుగుడు ఆగేదాకా, కనీసం అర నిమిషం ఆగాలి. తల ఎత్తకుండా 90 డిగ్రీలు ఎడమకి తిప్పి మళ్లీ అంతసేపు ఆగాలి. ఇప్పుడు ఒంటితో సహా ఎడమకి దొర్లి ముక్కు నేలవైపు వచ్చేలా ఉండి ఇంకో అర నిమిషం ఆగాలి. గడ్డం వంచుకుని మెల్లగా లేవాలి. మధ్యలో తలెత్తితే రేణువులు వెనక్కి జారతాయి, ఏ చెవిదన్నది పొరబడితే ఫలితం ఉండదు. అందుకని మొదటిసారి డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి, మెడ ఎముకల జబ్బు ఉన్నవాళ్లయితే తప్పకుండా. మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం తోడైతే ఇది రేణువుల వ్యవహారం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కడుపులో బిడ్డ కూడా పిల్లిమొగ్గలు వేస్తుంది. 28 వారాలప్పుడు నూటికి 20 మందికి పైగా తల పైకి, పిర్రలు కిందికి పెట్టుకుని ఉంటారు. నెలలు నిండేసరికి అలా మిగిలేది ముగ్గురు నలుగురే, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తిరిగిపోతారు. తిరగని ఎదురుకాళ్ల బిడ్డను కడుపు పైనుంచి చేతులతో తిప్పడం తొలిచూలుకి 36 వారాలనుంచి, ముందు కాన్పులైనవాళ్లకి 37 వారాలనుంచి చేస్తారు. అంతకుముందు తిప్పితే బిడ్డ మళ్లీ వెనక్కి తిరిగే అవకాశం ఎక్కువ. స్కాన్‌లో మాయ ఎక్కడుందో, ఉమ్మనీరు ఎంతుందో చూస్తారు, బిడ్డ గుండె చప్పుడు రికార్డు చేస్తారు, గర్భసంచి సడలడానికి టర్బ్యుటలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒక చేత్తో పిర్రల్ని కటినుంచి పైకి లేపి, ఇంకో చేత్తో తల వెనకభాగాన్ని నొక్కుతూ ముందుకి మొగ్గ వేయిస్తారు. ముడుచుకుని ఉన్న బిడ్డ అటే సులువుగా తిరుగుతుంది. అటు కాకపోతే వెనక్కి ప్రయత్నిస్తారు. కొద్ది నిమిషాల పనే. అన్ని కాన్పులూ కలిపి సుమారు సగం మందిలో ఫలిస్తుంది, తొలిచూలులో కాస్త తక్కువ. తర్వాత మళ్లీ గుండె చప్పుడు చూస్తారు, తల్లిది ఆర్‌హెచ్ నెగటివ్ రక్తమైతే యాంటీ-డి ఇస్తారు. మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోయినా, ఈమధ్యే రక్తస్రావమైనా ముట్టుకోరు. సుమారు 200 మందిలో ఒకరికి అప్పటికప్పుడు ఆపరేషన్ అవసరం పడుతుంది, కాబట్టి ఆపరేషన్ థియేటర్ అందుబాటులో ఉన్నచోటే చేస్తారు. ఇంట్లో నూనె రాసి తిప్పే ప్రయత్నం ప్రమాదం.

అలా తిప్పిన బిడ్డల్లో నూటికి ముగ్గురు దాకా మళ్లీ మొదటికొస్తారు. అందుకే నొప్పులతో వచ్చిన తల్లికి తల ఎక్కడుందో ఇంకోసారి తడిమి చూస్తారు.